చెరువు దగ్గరి ప్లాటులో ఇల్లు కట్టాలంటే: ఎఫ్‌టీఎల్ గీత నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా

రిజిస్ట్రేషన్ అయిపోయింది, లేఅవుట్‌లో కరెంటు స్తంభాలు పడ్డాయి, పక్క ప్లాటు వాళ్లు మూడంతస్తులు లేపేశారు. అయినా "మనది ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందేమో, బఫర్‌లో పడుతుందేమో" అన్న గుబులు పోదు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే గీత, బఫర్ అంటే ఆ గీత బయట కట్టకుండా వదలాల్సిన జాగా. దీనికి జవాబు సేల్ డీడ్‌లో దొరకదు, నేల మీద కొలిస్తేనే తేలుతుంది.

పని వరస ఇలా ఉండాలి: ముందు చెరువు గీత ఎక్కడుందో తెలుసుకోవాలి, తర్వాత ప్లాటుకి దూరం కొలిపించాలి, తర్వాత ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ తర్వాతే ఇంటి ప్లాను. చాలామంది ఆర్కిటెక్టుతో మొదలుపెట్టి, ప్లాను తిరిగొచ్చాక చెరువు సంగతి ఆలోచిస్తారు. ఇంకా ఘోరం, పునాది పోశాక ఆలోచించేవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్, దాని చుట్టూ ఉన్న హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో సొంత ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం. అపార్టుమెంట్లకి, వెంచర్లకి ఇంకా చాలా లెక్కలు ఉంటాయి.

1. ఏ నిబంధన, ఎన్ని మీటర్లు

తెలంగాణలో దీనికి ఆధారం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే భవన నిర్మాణ నియమాలు. అందులో మూడో నియమం నీటివనరుల గురించి. దాని సారం ఇదీ:

- చెరువు, కుంట ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం భూముల్లో (చెరువు నీళ్లు నిలిచే నేల), నది లేదా నాలా గర్భంలో ఏ నిర్మాణమూ కుదరదు.
- చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్.
- 10 హెక్టార్ల లోపు చెరువు, కుంట, శిఖం భూమి అయితే 9 మీటర్లు.
- వాగు, కాలువ, నాలా, వరద కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు.
- నదికి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

పది హెక్టార్లంటే మన లెక్కలో దాదాపు 24 ఎకరాల 28 గుంటలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 24 ఎకరాల కుంటకి, 25 ఎకరాల చెరువుకి చూపులో తేడా ఏమీ ఉండదు, బఫర్‌లో మాత్రం 21 మీటర్ల తేడా. ఆ 21 మీటర్లలో మామూలు ప్లాటు పూర్తిగా మునిగిపోతుంది.

ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూములు ఉంటాయి, శిఖం పట్టాలంటారు. నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవడానికే అవి పనికొస్తాయి. "పట్టా భూమండీ, ప్రభుత్వానిది కాదు" అని బ్రోకరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ ఇల్లు కట్టడానికి ఆ నిజం పనికిరాదు. నియమం భూమి ఎవరిదని చూడదు, నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చూస్తుంది.

కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నియమాలు వేరు. అవి రామ్‌సార్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) ఉన్న, లేదా ఆ నియమాల కింద నోటిఫై అయిన నేలలకి వర్తిస్తాయి. వాటిలో గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల పడవల రేవు తప్ప శాశ్వత నిర్మాణం ఏదీ కుదరదు. సాగునీటి కోసమే తవ్వించిన చెరువుల్ని ఆ నియమాలు పక్కన పెట్టాయి కాబట్టి నగరంలోని మామూలు చెరువుల దగ్గర మీకు అడ్డొచ్చేది ఎక్కువగా జీవో 168. కొల్లేరు దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. అది 2002 నుంచి రామ్‌సార్ స్థలం, ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యం కూడా. అక్కడ ఇంటి అనుమతి గురించి ఈ వరస పట్టుకుని వెళ్లకండి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ ఉన్న 84 గ్రామాలకి నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 ఉంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది కాబట్టి ఆంక్షలన్నీ పోయాయని చెప్పి అక్కడ ప్లాట్లు అమ్ముతున్నారు. జీవో జిరాక్సు చూసి తృప్తిపడకుండా, మీ సర్వే నంబరులో ఇంటి ప్లాను తీసుకుంటారో లేదో స్థానిక సంస్థని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకండి.

2. రికార్డుల్లో చెరువుని వెతకడం

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఇదే, ఖర్చు కూడా తక్కువ. అయినా దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

- హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే చెరువుల జాబితా వస్తుంది. ప్రతి చెరువుకీ ఒక ఐడీ నంబరు, సర్వే నంబర్లతో ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉంటాయి. మీ గ్రామం ఒక్కటే కాదు, పొలిమేర అవతలి గ్రామం కూడా చూడండి. చెరువు వాళ్ల పేరు మీద ఉండి, నీళ్లు మీ వైపు నిలవచ్చు.
- మ్యాపు ప్రాథమిక నోటిఫికేషన్‌దా, తుది నోటిఫికేషన్‌దా అన్నది రాసుకోండి. ప్రాథమికం అయితే గీత మారే అవకాశం ఉంది, అది మీకు అనుకూలంగానే మారుతుందన్న హామీ లేదు.
- గ్రామ నక్షా, మీ సర్వే నంబరు టిపన్ (కొలతల పటం) తీసుకోండి. చెరువు, వాగు, కాలువ గీతలు నక్షాలో ఉంటాయి, ఇప్పుడు నేల మీద కనపడకపోయినా సరే.
- సేత్వార్ (పాత సర్వే రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ, తర్వాతి పహాణీలు చూడండి. "శిఖం", "తలాబ్", "కుంట", "నాలా" అన్న మాటల్లో ఏదొచ్చినా ఆగండి.
- నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22ఎ కింద, మీ సర్వే నంబరు ఉందేమో చూడండి. బై నంబర్లు కూడా.
- గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తిప్పండి. వేసవివి కాదు, వానాకాలం చివరివి. 2020 అక్టోబరు 13, 14 తేదీల వరద తర్వాతి చిత్రం దొరికితే చాలా తెలుస్తుంది.

మ్యాపు లేకపోతే, ఉన్నా సర్వే నంబర్లు చదవలేనంత మసకగా ఉంటే, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. "మా ప్లాటు ఎఫ్‌టీఎల్‌లో ఉందా?" అని అడగకండి, అభిప్రాయం చెప్పలేమని తిప్పి పంపిస్తారు. "ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, అలుగు మట్టం, విస్తీర్ణం ఉన్న రికార్డు ధ్రువీకరించిన నకలు ఇవ్వండి" అని అడగండి. అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు దూకే చోటు. ఉన్న కాగితం ఇవ్వడం వాళ్ల బాధ్యత.

3. నేల మీద గీత దించడం

ఎఫ్‌టీఎల్ అంటే నీటి అంచు కాదు, ఒక మట్టం. చెరువు నిండి అలుగు దూకడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడెక్కడికి చేరతాయో ఆ చుట్టుగీత. కాబట్టి అలుగు పైభాగం ఎత్తు ఎంతో, మీ ప్లాటు నేల ఎత్తు ఎంతో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. కొన్నిచోట్ల ఆ అలుగునే పగలగొట్టి దించేసి ఉంటారు. అందుకే కళ్లకి కనపడే అలుగుని కాదు, రికార్డులో రాసిన మట్టాన్ని ఆధారం చేసుకోవాలి.

చేయించాల్సిన పని ఇది:

క) లైసెన్సు ఉన్న సర్వేయరుతో డీజీపీఎస్, ఆటో లెవెల్ రెండూ తెప్పించండి. మొదటిది హద్దులకి, రెండోది ఎత్తులకి.

ఖ) అలుగు లేదా తూము మీద నీటిపారుదల శాఖ వేసిన మట్టం గుర్తు వెతకండి. అక్కడ మొదలుపెట్టి ప్లాటు నాలుగు మూలలకీ ఎత్తులు తేవాలి, తిరిగి మొదలైన చోటికే వచ్చి లెక్క మూయాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు మించి తేడా వస్తే మళ్లీ చేయించండి.

గ) చెరువు చుట్టూ హద్దురాళ్లు పాతి ఉంటే, మీ ప్లాటుకి దగ్గరగా ఉన్న మూడు రాళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసి మ్యాపుతో పోల్చండి. రాయి జరిగిన చోట్లు ఉన్నాయి, ఒక్క రాయిని నమ్మకండి.

ఘ) గీత నుంచి ప్లాటు దగ్గరి మూలకి అడ్డంగా దూరం కొలిపించి, స్కెచ్ మీద మీటర్లలో రాయించి, సర్వేయరు సంతకం, ముద్ర తీసుకోండి.

ఎత్తుల దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, చెరువు పైభాగం నేల సాధారణంగా చదునుగా ఉంటుంది. నూరు మీటర్లకి ఒక మీటరు వాలు ఉందనుకోండి. ఎత్తులో పది సెంటీమీటర్లు తప్పు పోతే గీత పది మీటర్లు జరుగుతుంది. అంటే చిన్న చెరువు బఫర్ మొత్తం ఎగిరిపోయినట్టే. ఫోనులో జీపీఎస్ పట్టుకుని నడిచి "బఫర్ బయటే ఉన్నాం" అనుకోవడం ఇందుకే పనికిరాదు, అది తేటగా ఉన్న ఆకాశం కిందే మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. గ్రామ నక్షాని శాటిలైట్ చిత్రం మీద పరిచి చూపించే యాప్‌లదీ అదే కథ. అనుమానం పుట్టించడానికి అవి చాలు, అనుమానం తీర్చడానికి చాలవు.

ఇక మట్టి పోసి లేపిన ప్లాట్లు. ఎత్తు చూస్తే అలుగు కన్నా రెండడుగులు పైనే ఉంటుంది. కానీ మట్టి పోసినంత మాత్రాన ఎఫ్‌టీఎల్ జరగదు, అధికారులు పాత కాంటూరు చూస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. ప్లాటు మూలలో ఐదడుగుల గుంత తీయించండి. పైన ఎర్ర మొరం వస్తుంది. దాని కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, కూల్చిన స్లాబు పెచ్చులు. వాటి కింద నల్లటి జిగురు ఒండ్రు, అందులో తెల్లటి నత్తగుల్లలు కనిపించాయంటే మీరు నిలబడింది చెరువు గర్భంలోనే అనుకోవచ్చు. కొనబోయే ప్లాటు అయితే ఆ గుంత దగ్గరే బేరం ఆపేయండి.

కట్ట కింద, అంటే ఆయకట్టు వైపు ప్లాట్లకి చెరువు నీళ్ల భయం తక్కువే, అలుగు కాలువ భయం ఎక్కువ. చెరువు మిగులు నీళ్లు పారే దారి నక్షాలో ఎంత వెడల్పు ఉందో చూడండి. ఇప్పుడు అది రెండడుగుల మోరీలా కనిపించవచ్చు. 2 మీటర్లో 9 మీటర్లో కొలిచేది నిర్ణయమైన హద్దు నుంచి, మిగిలిపోయిన మోరీ నుంచి కాదు. ఎండాకాలంలో ఎంత పొడిగా కనిపించినా, అలుగుకి ఎదురుగా ఉన్న ప్లాటు జోలికి పోకపోవడమే మంచిది.

4. గీత తెలిశాక ఇల్లు ఎంత మిగులుతుంది

జీవో 168లో చాలామంది దాటేసే ఒక వాక్యం ఉంది. బఫర్‌గా వదిలిన జాగాని ఖాళీ స్థలం లెక్కలో వేసుకోవచ్చు కానీ సెట్‌బ్యాక్ (హద్దు నుంచి ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్కలో వేసుకోకూడదు. అంటే బఫర్ వదిలాక, ఆ గీత నుంచి మళ్లీ సెట్‌బ్యాక్ వదలాలి.

ఒక లెక్క చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, 200 గజాల ప్లాటు. వెనక వైపు చెరువు. వెనక హద్దు నుంచి ఎఫ్‌టీఎల్ గీత 6 మీటర్ల దూరంలో ఉంది. రోడ్డు 12 మీటర్ల లోపు. ఈ సైజుకి ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు సెట్‌బ్యాక్.

చెరువు 10 హెక్టార్ల లోపైతే: బఫర్ 9 మీటర్లు. అందులో 6 ప్లాటు బయటే పోయాయి, 3 మీటర్లు లోపల పడతాయి. లోతు 18.29 మీటర్లలో 3 పోగా 15.29. ముందు 1.5, వెనక 1 తీసేస్తే 12.79 మీటర్లు. వెడల్పు 9.14 నుంచి రెండు పక్కలా పోగా 7.14. కట్టుకోగలిగింది అంతస్తుకి దాదాపు 983 చదరపు అడుగులు. బఫర్ లేకపోతే 1,214 వచ్చేది. అంతస్తుకి 230 అడుగులు పోయినా ఇల్లు మాత్రం వస్తుంది.

చెరువు 10 హెక్టార్లు దాటితే: బఫర్ 30 మీటర్లు. ప్లాటు ముందు హద్దు కూడా గీతకి 24.29 మీటర్లలోనే ఉంది. ఒక్క ఇటుక పెట్టడానికి జాగా లేదు.

ప్లాటు అదే, దూరం అదే, చెరువు విస్తీర్ణం ఒక్కటే మారింది. అందుకే రెండో మెట్టులో విస్తీర్ణం రికార్డు నకలు తీసుకోమన్నది. మీ ప్లాటు కొలతలతో ఈ లెక్క వేసుకున్నాక మిగిలిన లోతు ఏడెనిమిది మీటర్ల లోపుకి పడిపోతే, ఇంకా కొననివాళ్లు వదిలేయడం మేలు. కొన్నవాళ్లు ముందు వైపు సెట్‌బ్యాక్‌ని తగ్గించేలా ప్లాను గీయించాలని చూస్తారు, అది స్క్రూటినీలో నిలవదు.

5. ఎన్‌ఓసీ తెచ్చుకోవడం

ఎఫ్‌టీఎల్‌ని ధ్రువీకరించాల్సింది నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి. ఒక్కరి సంతకంతో వచ్చిన కాగితం సగం కాగితమే. ఇక్కడ దెబ్బతినేవాళ్లు ఎక్కువ.

దరఖాస్తుతో పెట్టాల్సినవి:

- సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం)
- లేఅవుట్ ఆర్డరు లేదా ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లని క్రమబద్ధం చేసే పథకం) ప్రొసీడింగ్స్
- వ్యవసాయ భూమి నుంచి మార్చిన ఉత్తర్వు, అవసరమైన చోట
- గ్రామ నక్షా, టిపన్ ధ్రువీకరించిన నకళ్లు
- హెచ్‌ఎండీఏ ఎఫ్‌టీఎల్ మ్యాపు, చెరువు ఐడీ నంబరు రాసి
- సర్వేయరు స్కెచ్: నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, ఎత్తులు, గీత నుంచి దూరం
- ప్లాటు నాలుగు దిక్కుల ఫొటోలు, తేదీతో

దరఖాస్తు పడ్డాక సంయుక్త తనిఖీ ఉంటుంది. నీటిపారుదల శాఖ ఏఈ లేదా డీఈ, మండల సర్వేయరు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆ రోజు మీ సర్వేయరు అక్కడ ఉండి తీరాలి. ప్లాటు మూలల్లో రాళ్లు పాతి, సున్నంతో గీత వేసి ఉంచండి. గడ్డీ గాదం ఉంటే ముందురోజే కొట్టించండి, లేకపోతే "హద్దులు తెలియడం లేదు" అని రాసుకుని వెళ్లిపోతారు, మళ్లీ రప్పించడానికి మీ చెప్పులు అరగాలి.

ఎన్‌ఓసీ చేతికి రాగానే చదవండి. సర్వే నంబరు, ప్లాటు నంబరు, చెరువు పేరు, ఎఫ్‌టీఎల్ నుంచి దూరం మీటర్లలో, జతపరిచిన స్కెచ్ మీద ఇద్దరి సంతకాలు. "చెరువుకు దూరంగా ఉంది" అన్న మాట మాత్రం రాసి అంకె లేకపోతే తిరిగి ఇచ్చి అంకె రాయించండి. షరతులు ఉంటాయి: బఫర్‌లో ప్రహరీ వద్దు, మట్టి పోయొద్దు, మురుగు వదలొద్దు. వాటిని ఆర్కిటెక్టుకి అదే రోజు పంపండి.

ఎల్‌ఆర్‌ఎస్ ఇంకా పూర్తికాని ప్లాట్ల సంగతి: 2020లో పెట్టిన దరఖాస్తుల్లో నీటివనరులకి 200 మీటర్ల లోపు ఉన్నవాటికి కూడా ఈ రెండు శాఖల పరిశీలన పడింది. మీది ఆగిపోయి ఉంటే ఫీజు కట్టలేదనో, సర్వర్ సమస్యనో అనుకోకుండా ముందు ఈ కారణం ఉందేమో కనుక్కోండి. ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాటు ఎల్‌ఆర్‌ఎస్‌తో క్రమబద్ధం కాదు.

6. ఇంటి ప్లాను దరఖాస్తు

ఇది ఇప్పుడు ఆన్‌లైన్ పని, పైన చెప్పినవన్నీ చేతిలో ఉంటే తేలిక. టీజీ-బీపాస్ అనే భవన అనుమతుల చట్టం ప్రకారం 75 గజాల లోపు, ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. ఆపైన 500 చదరపు మీటర్ల దాకా, పది మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అది దాటితే సింగిల్ విండో, 21 రోజులు. 2025 నుంచి బిల్డ్‌నౌ పోర్టల్ వచ్చింది, డ్రాయింగులని అదే స్క్రూటినీ చేస్తుంది.

వెంటనే వచ్చే అనుమతి మీద ఒక హెచ్చరిక. నీటివనరు దగ్గర ఉందా అన్న ప్రశ్నకి "లేదు" అని నొక్కితే కాగితం క్షణాల్లో వస్తుంది. తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు తేలితే రద్దవుతుంది. తప్పుడు ధ్రువీకరణ మీద కట్టినదాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఫైలు పెట్టింది కన్సల్టెంటే అయినా ధ్రువీకరణ మీ పేరు మీద ఉంటుంది. అప్‌లోడ్ చేసేముందు ప్రతి ప్రశ్నకి ఏం నొక్కారో స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి.

డ్రాయింగులో ఉండాల్సినవి: ఎఫ్‌టీఎల్ గీత, బఫర్ గీత, బఫర్ గీత నుంచి సెట్‌బ్యాక్, ఇంకుడు గుంత చోటు, సెప్టిక్ ట్యాంకు చోటు. గీతలు చూపించకుండా ఎన్‌ఓసీ జతచేస్తే స్క్రూటినీలో వెనక్కి వస్తుంది.

అనుమతి వచ్చాక 18 నెలల్లోగా పని మొదలుపెట్టాలి. చెల్లుబాటు మూడేళ్లు.

7. పని జరిగేటప్పుడు

మార్కింగ్ రోజు సర్వేయరుని మళ్లీ పిలవండి. మేస్త్రీ పక్క ఇంటి గోడ పట్టుకుని కొలిస్తే, పక్కవాళ్ల తప్పు మీకూ అంటుకుంటుంది. బఫర్ గీత మీద ఇనుప రాడ్లు పాతి కాంక్రీటు పోసి ఉంచండి, ఇల్లు పూర్తయ్యేదాకా కదలకూడదు.

మెటీరియల్ బఫర్‌లో దించనివ్వకండి. ఇసుక, కంకర కుప్పలు, లేబర్ షెడ్డు, బాత్రూము అన్నీ ముందు వైపే. డ్రోన్ ఫొటోలో షెడ్డు కూడా నిర్మాణంలాగే కనిపిస్తుంది. పునాది తవ్విన మట్టి చెరువు వైపు తోసేయడం అతి మామూలుగా జరిగే నేరం. ట్రాక్టరు మాట్లాడి బయటికి పంపించండి, ఆ బిల్లులు దాచండి.

మట్టి పరీక్ష తప్పనిసరి. చెరువు పక్కన పైన మొరం, కింద రేగడి ఉంటుంది, రేగడి తడికి ఉబ్బి ఎండకి కుంగుతుంది. పునాది రకం స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాలి. సెల్లార్ ఆలోచన మానుకోండి, వానాకాలమంతా మోటారు పెట్టి తోడుకోవాలి. ప్లింత్ (ఇంటి నేల మట్టం) ఎత్తు రోడ్డుని బట్టే కాకుండా, స్థానికులు చూపించే పాత వరద గుర్తుకి కనీసం రెండడుగులు పైన ఉండేలా పెట్టండి.

వానాకాలంలో భూగర్భ నీళ్లు ఆరడుగుల లోపుకి వస్తే సోక్ పిట్ (మురుగు నీళ్లు నేలలోకి ఇంకే గుంత) ఇంకదు, పొంగుతుంది. మురుగు లైను ఉన్న చోట దానికే కలపండి. లేకపోతే నీళ్లు బయటికి రాని సెప్టిక్ ట్యాంకు కట్టి ట్యాంకరుతో తీయించుకోండి. బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి వేరే తీసుకోవాలి.

పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు ప్లాను ప్రకారమే ఉంది, అందులో ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) తీసుకోండి. చాలామంది కరెంటు, నీళ్లు వచ్చాయి కదా అని దీన్ని వదిలేస్తారు. చెరువు పక్క ఇంటికి ఇది లేకపోతే అమ్మే రోజున ధర పడుతుంది.

8. తరచూ వినిపించే తప్పుడు ధీమాలు

"బ్యాంకు లోను ఇచ్చింది." బ్యాంకు లాయరు హక్కు కాగితాలు చూస్తాడు, అలుగు మట్టం చూడడు.

"75 గజాల లోపు పర్మిషనే అక్కర్లేదు." ప్లాను అక్కర్లేదు, బఫర్ నియమం మాత్రం వర్తిస్తుంది.

"పాత పంచాయతీ పర్మిషన్ ఉంది." ఎఫ్‌టీఎల్‌లో ఇచ్చిన అనుమతి ఎవరిచ్చినా నిలవదు. బఫర్ బయట అని చూపించగలిగితే కొత్త ఎన్‌ఓసీతో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

"ప్రహరీ గోడే కదా." గోడా నిర్మాణమే. బఫర్‌లో కంచె మొక్కలు పెంచుకోండి, తీగ కంచె వేయాలంటే ఎన్‌ఓసీలో రాయించుకోండి.

"మ్యాపులో గీత తప్పుగా వేశారు." ఇది నిజమయ్యే అవకాశం ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉంటే గడువులోగా అభ్యంతరం పెట్టాలి. ఎత్తుల పట్టిక, డీజీపీఎస్ స్కెచ్, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు జతచేసి, రసీదు తీసుకోండి. తుది నోటిఫికేషన్ అయిపోతే హైకోర్టే దారి.

ప్లాటు ఎక్కువ భాగం బఫర్‌లో పోయిందా? ఆ జాగాని ప్రభుత్వానికి అప్పగించి టీడీఆర్ (జాగాకి బదులు ఇచ్చే, అమ్ముకోగల నిర్మాణ హక్కు) అడిగే వీలు ఉందేమో హెచ్‌ఎండీఏలో కనుక్కోండి. ఇల్లు రాదు గానీ, పెట్టిన డబ్బులో కొంత తిరిగి రావచ్చు.

9. నోటీసు వస్తే

ఔటర్ రింగ్ రోడ్డు లోపల 2024 జులైలో ఏర్పడిన హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించే సంస్థ) పనిచేస్తోంది. అదే ఏడాది జీహెచ్‌ఎంసీ చట్టంలో 374బి సెక్షన్ చేర్చి దానికి అధికారాలు ఇచ్చారు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతకి ముందు 15 రోజుల నోటీసు ఉండాలని చెప్పింది కదా అని నిశ్చింతగా ఉండకండి. రోడ్లు, నదులు, నీటివనరుల్లాంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకి ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది.

కాబట్టి జవాబుకి కావాల్సిన కట్ట ముందే సిద్ధంగా ఉండాలి, రెండు సెట్లు, ఒకటి ఇంటి బయట ఎక్కడైనా:

- ఎన్‌ఓసీ, స్కెచ్‌తో సహా
- మంజూరైన ప్లాను, దరఖాస్తు స్క్రీన్‌షాట్లు
- ఎఫ్‌టీఎల్ మ్యాపు ధ్రువీకరించిన నకలు
- సర్వేయరు ఎత్తుల పట్టిక
- మార్కింగ్, ప్లింత్, స్లాబు దశల ఫొటోలు, బఫర్ రాడ్లు కనిపించేలా

నోటీసు అందిన రోజునే తేదీ, సమయం, ఎవరిచ్చారో కాగితం మీద రాసుకోండి. జవాబు మెయిల్‌లో ఒకసారి, ఇన్‌వార్డులో ఒకసారి ఇచ్చి, ముద్ర వేయించుకోండి. నోటీసులో చెరువు పేరు, దూరం, సర్వే నంబరు మీ కాగితాలతో సరిపోతున్నాయో చూడండి. సరిపోకపోతే జవాబు మొదటి వాక్యంలోనే ఆ తేడా రాసి, సంయుక్త సర్వే చేయమని అడగండి. హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే లాయరు మొదట అడిగేది ఆ ముద్ర ఉన్న కాపీయే.